పాఠశాలలును మన్యపు పండుగలును

విద్యావిషయములను గూర్చి ప్రసంగించు పెద్దలు ఇప్పుడు ఒక్క మాటను తఱచుగా చెప్పుచున్నారు: గిరిజనుల పండుగలను, ఆచారములను, ఆటపాటలను నవీనవిద్యలో చేర్పవలెనని. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానములోను గిరిజనుల జ్ఞానమునకు బోధనలో స్థానము కలుగవలెనని వ్రాయబడియున్నది. మాట మంచిదే, దానిని కాదనువాడను గాను. అయితే చేర్చుట యనగా నేమి? ఎవరు చేర్పవలెను? ఎవరి యనుమతితో? ఏ మాసమున? ఈ ప్రశ్నలకు ఉత్తరము వెదకకమునుపే మనము వేదిక కట్టి, తెర వేలాడదీసి, బాలికలకు ఒకే రంగు చీరలు కట్టించి, అయిదు నిమిషముల దింసా యాడించి, కరతాళధ్వనులు చేసి, గిరిజన సంస్కృతిని గౌరవించితిమని తృప్తిపడుచున్నాము. ఈ తృప్తి తొందరపాటుదని నా యభిప్రాయము. పండుగను బడికి తెచ్చుటకంటె ముందు, పండుగకు పోవుటకు పిల్లవానికి బడి సెలవీయవలెను. తక్కినదంతయు దాని తరువాతి మాట.

మన కె. కోటపాడు మైదానపు టూరు. వరియు చెఱకును పండు నేల. మనకు కొండవారి పండుగలతో నేమి పని యని చదువరులలో కొందఱు అనుకొనవచ్చును. దేవరాపల్లి, చీడికాడ, మాడుగుల వైపు పోయి చూచిన, కొండలు మన పెరటిలోనే మొదలైనట్లు తోచును. మాడుగుల దాటి ఘాటురోడ్డు నెక్కిన పాడేరు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీవఱకు ఇదంతయు ఒక్క విశాఖపట్టణము జిల్లాయే. నాటినుండి మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాయు, మన ప్రాంతము అనకాపల్లి జిల్లాయు నయ్యెను. పటముమీద గీత గీచినంతమాత్రమున మనుష్యులు విడిపోరు గదా. షెడ్యూల్డు ప్రాంతపు హద్దునకు ఈవలి కొండవాలులందును గిరిజన గ్రామములు పెక్కు గలవు. అక్కడి పిల్లలు క్రిందికి దిగి వచ్చి వసతిగృహములలో నుండి చదువుకొనుచున్నారు. మన పిల్లల ప్రక్కబల్లమీద కూర్చుండువారు వారే.

ఆ పిల్లల ఊళ్ళలో సంవత్సరమునకెల్ల ముఖ్యమైనది ఇటుకల పండుగ. చైత్రమాసమున జరుగును. ఒడిషా వైపు దీనివంటిదానినే చైత పరబు అందురు. గ్రామగ్రామమునకు వివరములలో భేదము లున్నను సారాంశ మిది: పండుగ ఒక్కనాటితో ముగియదు, దినములకొలది సాగును. ఇంటింటినుండియు విత్తనములను దెచ్చి గ్రామదేవతయొద్ద ఉంచి పూజారిచేత పూజ చేయింతురు. పూజయైన పిమ్మట ఆ విత్తనమును ఇండ్లకు గొనిపోయి తమ విత్తనములలో కలుపుకొని విత్తుదురు. మగవారు గుంపులుగా అడవికి వేటకు పోవుదురు. వట్టిచేతులతో మరలివచ్చినవారిని స్త్రీలు పాటలు కట్టి హేళన చేయుదురు. ఆ దినములలో స్త్రీలు, బాలికలు దారికి అడ్డముగా కఱ్ఱ పెట్టి పాటలు పాడుచు, వచ్చుపోవు బండ్లవారిని ఆపి పండుగ మామూలు పుచ్చుకొందురు. (మైదానపు ప్రయాణికులు విసుగుకొందురు గాని, ఆ పాటకు పది రూపాయ లిచ్చుట ఎక్కువ కాదు.) సాయంకాలమైనంతనే మోరి, కిరిడి, తుడుము మ్రోగగా ఒకరి నడుము చుట్టి యొకరు చేతులు పట్టుకొని దింసా యాడుదురు.

ఈ పండుగలో పాఠము లేదా? విత్తనముల ఎన్నిక ఒక పాఠము. చోళ్ళు, సామలు, కొఱ్ఱలు, కందులు, వలిసెలు, ఏ యింటి విత్తనము ఎట్టిదో ఊరంతయు చూచు దినమది. చెడిన విత్తనము దాగదు, మంచి విత్తనము ఒక యింటిలోనే యుండిపోదు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినప్పుడు మన పాఠశాలలలో గోడపత్రికలు అంటించితిమి. ఆ ధాన్యములను నేటికిని పండించుచున్న ఇండ్ల పిల్లలను మాత్రము ఏమియు నడిగినవారము గాము. అట్లే కొత్తలు. సామకొత్త, కొఱ్ఱకొత్త, కందికొత్త యని క్రొత్తపంటను మొదట దేవతకును పెద్దలకును పెట్టి పిదపనే తాము తినుట మన్యమందంతట నున్న కట్టడి. సీతంపేట వైపు సవరలు, జాతాపులు మామిడి టెంకల పండుగ జరుపుదురు. అది కాకమునుపు మామిడికాయను ముట్టరు. కాయ ముదురువఱకు చెట్టును కాచుటకు ఇంతకంటె మంచి ఉపాయమును ఏ అటవీశాఖ కనిపెట్టినది?

ఇక చిక్కు చూడుడు. చైత్రమాసము మార్చి చివఱనో ఏప్రిలులోనో వచ్చును. పదవ తరగతి ప్రభుత్వపరీక్షలును, తక్కిన తరగతుల వార్షికపరీక్షలును ఆ వేళకే. పండుగ తేదీయైన పంచాంగములో అచ్చుపడి యుండదు. ఊరిపెద్దలు కూడి నిర్ణయింతురు. కావున వసతిగృహములోని బాలునికి ఊరినుండి కబురు వచ్చుట, వార్డెను గారు పరీక్షలని చెప్పి ఆపుట, ఆపకున్నను బాలుడే జంకుట, ఇది యేటేటి కథ. ఆరవ తరగతిలో చేరినవాడు పదవ తరగతి ముగించునప్పటికి అయిదు చైత్రము లిట్లు గడచిపోవును. పదునొకొండు పదునారు ఏండ్ల నడిమి వయస్సే కిరిడి పట్టుకొనుటకు, పాట వరుస చెవిని బెట్టుటకు, ఏ విత్తనము ఎవరు తేవలెనో తెలిసికొనుటకు తగిన వయస్సు. ఆ వయస్సు దాటిన పిమ్మట వాడు ఊరికి పోయి నిలుచుండిన, వరుసలో చేయి పట్టువారుందురు గాని అడుగు వానికి రాదు. అటువంటి బాలునికే మనము ఆగస్టు 15వ తేదీన తలపాగా చుట్టి వేదికమీద నిలువబెట్టి, ఇది నీ సంస్కృతి యని చెప్పుచున్నాము.

దింసాను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయన వేదికలమీద మిక్కిలి నలిగిపోయినది అదియే. దింసా యనగా ఒక్క యాట కాదు. బోడ దింసా గ్రామదేవతకు చేయు ఆరాధనము. బాయ దింసా దేవత పూనినప్పుడు గురువు చేయునది. పొతర్ తోల దింసాలో ఆకులు కోయు పని కనబడును. బాగ్ దింసాలో పులి మీదపడినప్పుడు తప్పించుకొను తీరు కనబడును. గుండేరి, గొడ్డి బేట, కుండ, నాటికారి యని మఱికొన్ని గలవు. వీనిలో ఆకుకోతయు పులియాటయు పిల్లలు పాఠశాల ఆవరణమున ఆడుకొనుటకు ఎవ్వరికిని అభ్యంతర ముండదనుకొందును. బోడ దింసా యట్టిది కాదు, అది పూజ. బాయ దింసాను ముఖ్య అతిథిగారి యెదుట ఆడించుట, దేవాలయములోని హారతిపళ్ళెమును ఆటవస్తువుగా త్రిప్పుటవంటిది. లేదా ప్రభుసంస్కారపు రొట్టెను పంచి నాటకము వేయుటవంటిది. మన చదువరులకు ఈ రెండవ పోలిక ఇంకను బాగుగా తెలియును. ఏది ఆటయో ఏది ఆరాధనమో మనము నిర్ణయింపజాలము. ఆ ఊరి పూజారియు, వాద్యములవారును, ముసలమ్మలును నిర్ణయింపవలెను. పరదేశపు నృత్యశిక్షకునియొద్ద యూట్యూబు చూచి నేర్చుకొన్న దింసాకు ఈ భేదము తెలియదు.

ఆదిలాబాదు వైపు గోండుల రీతి చూచిన ఈ సంగతి యింకను స్పష్టమగును. కేస్లాపూరులో పుష్యమాసపు అమావాస్యనాడు నాగోబాకు జరుగు పూజకై గోదావరి జలమును కాలినడకను మోసికొని వచ్చువారు మెస్రం వంశస్థులే. ఆ నడక ఎవరు పడిన వారు పాఠశాలలో ప్రదర్శించుటకు పనికిరాదు. అది ఆ వంశపు పిల్లలు తమ తాతల వెంట నడచి నేర్చుకొను చదువు. ఆ ప్రాంతమందే 1943లో హైమెండార్ఫు దొరగారి ప్రోద్బలముచేత మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము స్థాపింపబడెను. గోండీ భాషలో వాచకములు సిద్ధమయ్యెను. గ్రామపు పిల్లవానికి గ్రామపువాడే ఉపాధ్యాయుడు కావలెనను సూత్రము అందులోనిది. సొమ్ము కొఱవడియో శ్రద్ధ కొఱవడియో అట్టి యేర్పాటు దేశమంతట వ్యాపింపలేదు గాని, దారి మాత్రము అదే.

ఇంతకుపూర్వమే మన ఉత్తరాంధ్రమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో సవరల భాష నేర్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పుటకు పూనుకొనిరి. వారి సవరభాషా వ్యాకరణగ్రంథము 1931లో అచ్చయ్యెను. వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడిన ఆ మహాశయుని గూర్చి గ్రాంథికమున వ్రాయుట చూచి నవ్వువారు నవ్వుదురుగాక. మన పత్రిక మర్యాద అట్టిది. పంతులుగారు వేసిన విత్తు ఆలస్యముగా మొలకెత్తినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2004లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అను ఎనిమిది భాషలలో చిన్న తరగతుల పిల్లలకు మాతృభాషాబోధన ప్రారంభించెను. భాషను పుస్తకములో పెట్టవచ్చునని దీనివలన తేలినది. పండుగను పుస్తకములో పెట్టుట మాత్రము అంత సులభము గాదు. బొమ్మ వేయవచ్చును, పేరు వ్రాయవచ్చును. దానిని నేర్చుటకు ఆ నేలమీద, ఆ వేళకు నిలిచియుండవలెను.

ఇచ్చట మిషను పాఠశాలలవారమైన మనము ఒక సంగతి ముఖము చాటు చేయక చెప్పుకొనవలెను. పర్లాకిమిడి వెనుకనున్న కొండలలో, సెరాంగో మొదలగు చోట్ల, కెనడా దేశపు బాప్తిస్టు మిషనరీలు సవరలకు వైద్యము చేసిరి. వారి భాషకు రోమను లిపిలో వ్రాత కల్పించి చదువు చెప్పిరి. అది గొప్ప ఉపకారము. అయితే పీయర్స్ విటెబ్స్కీ యను పండితుడు 1970ల నుండి ఆ సవరల నడుమ నివసించి వ్రాసిన రెండు గ్రంథములు (1993, 2017) చూడదగినవి. మొదటిదానిలో, చనిపోయిన బంధువులతో కురాన్ అను మధ్యవర్తి ద్వారా, తఱచుగా ఒక స్త్రీ ద్వారా, ఊరివారు సంభాషించుకొను క్రతువు వర్ణింపబడినది. దుఃఖమును, అప్పులను, తగవులను అక్కడ తీర్చుకొనెడివారు. రెండవ గ్రంథమువచ్చు నాటికి ఆ కుటుంబముల యువకులు చాలవఱకు బాప్తిస్టులైరి. అక్షరములు నేర్చిరి, దుకాణదారుల మోసమునకు లొంగరైరి. కాని ముసలివారు మాటలాడుకొనిన ఆ దీర్ఘసంభాషణములు వారికి తెలియవు. రెండును నిజమే. చదువు లాభము నిజము, నష్టమును నిజము. 1955లో వెరియర్ ఎల్విన్ గారు గ్రంథములో అచ్చు వేయించిన సవరల గోడచిత్రములను నేడు చీరలమీదను చేతిసంచులమీదను చూచుచున్నాము. ఏ పితృదేవతకై ఏ చిత్రము వ్రాయబడెనో చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు.

బలవంతము చేసిన దేశములలో జరిగినది యింకను ఘోరము. కెనడాలో పసిఫిక్ తీరపు ఆదిమవాసులు పాట్లాచ్ అను మహాదానపు పండుగ జరుపుకొనెడివారు. దానిని 1885 నుండి 1951 వఱకు చట్టముచేత నిషేధించిరి. 1921లో అలర్ట్ బే ప్రాంతపు ప్రజల ముసుగులను, పండుగ సామగ్రిని ప్రభుత్వము జప్తు చేసెను. వారి పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి, క్రైస్తవ సంఘములు నడపిన వసతిపాఠశాలలలో ఉంచిరి. ఇందులకై ఆ దేశ ప్రధానమంత్రి 2008లో పార్లమెంటునందు క్షమాపణ చెప్పెను. జప్తు చేసిన ముసుగులలో కొన్ని తిరిగి రాగా, వానిని ఉంచుటకు 1980లో అలర్ట్ బేలో ఒక సాంస్కృతిక మందిరమును తెఱచిరి. న్యూజీలాండులో వేఱొక రీతి. మావోరీలు నక్షత్రోదయమునుబట్టి జరుపుకొను మటారికి అను నూతన సంవత్సరపు పండుగకు 2022 నుండి దేశమంతటికిని సెలవు ఇచ్చుచున్నారు. ఆ తేదీ యేటేటికిని మాఱును. మాఱు తేదీతో ఒక దేశప్రభుత్వమే సర్దుకొనగా ఒక పాఠశాల సర్దుకొనలేదా?

తల్లిదండ్రుల నుండి రెండు విధముల అభ్యంతరములు వచ్చును. రెండును విననర్హమైనవే. మొదటిది మతసంబంధమైనది. క్రైస్తవ కుటుంబపు బిడ్డను గ్రామదేవత పూజకు కొనిపోవుదురా యని ఒకరు, మా బిడ్డకు మీ ప్రార్థన బలవంతము చేయుచు మా పండుగను మాత్రము కాదందురా యని మఱొకరు అడుగుదురు. రాజ్యాంగము 28వ అధికరణపు మూడవ ఖండము ఈ ఇరువురికిని ఒక్కటే సమాధానము చెప్పినది: ప్రభుత్వ గుర్తింపుగాని ప్రభుత్వ ధనసహాయముగాని పొందిన విద్యాసంస్థలో ఎవ్వరును తమ సమ్మతి లేనిదే (బాలలైనచో సంరక్షకుల సమ్మతి లేనిదే) మతబోధనమునకు గాని ఆరాధనమునకు గాని హాజరు కానక్కఱలేదు. మనకు ప్రార్థనావేళ ఈ సూత్రము వర్తించినట్లే ఇటుకల పండుగకును వర్తించును. వెళ్ళగోరువానికి సెలవు, వెళ్ళగోరనివానికి ప్రశ్న లేదు. కొండ పిల్లలందఱును పండుగ వేషములో రావలెనని ఉత్తరువు వేయుటయు బలవంతమే, అది గౌరవముపేర జరిగినను.

రెండవ అభ్యంతరము గిరిజన తల్లిదండ్రులదే, అందువలన మఱింత బరువైనది. మా పిల్లవానిని ఇంత దూరము పంపినది ఉద్యోగము కొఱకు. పాటలు మా ఊరిలో నున్నవి, లెక్కలును ఇంగ్లీషును చెప్పుడు అందురు. న్యాయమే. వారు అప్పుచేసి పెట్టె కొని పంపినది వేదికమీద బొమ్మగా నిలుపుటకు కాదు. కావుననే నేను పండుగను పాఠ్యాంశముగా చేసి పరీక్ష పెట్టవలదందును. పండుగకు మార్కులు వేయరాదు. మార్కులు వచ్చినంతనే గైడుపుస్తకము వచ్చును. గైడుపుస్తకములో ఇటుకల పండుగకు నిర్వచనము, రెండు మార్కుల ప్రశ్న, నాలుగు మార్కుల ప్రశ్న వచ్చును. అంతకంటె దానిని చంపు ఉపాయము లేదు. లెక్కలకును ఇంగ్లీషునకును ఒక్క గంటయు తగ్గనక్కఱలేదు. కావలసినది ఏటికి నాలుగైదు దినములు; అవి వేసవి సెలవుల ఆరంభమునుండియో, అదనముగా పనిచేసిన శనివారములనుండియో రావచ్చును.

వేటను గూర్చియు ఒక మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిజంతువుల వేటను నిషేధించినది. ఉపాధ్యాయుడు తరగతిలో వేటను పొగడరాదు. అట్లని పండుగకు పోయివచ్చిన బాలుని నేరస్థునివలె చూడరాదు. ఆ బాలునినే అడుగవచ్చును: పూర్వము ఆ కొండలో ఏ జంతువు లుండెడివి, ఇప్పుడేవి మిగిలినవి, మీ తాత ఏమి చెప్పుచున్నాడు అని. అడవి తఱిగిపోవుట వేటవలననే జరుగలేదని, కలప వ్యాపారమువలనను గనులవలనను జరిగినదని ఆ సంభాషణలో తానే తేలును. ఇది జీవశాస్త్రమే.

మైదానపు పిల్లలకు ఇందులో భాగము లేదనుకొనరాదు. అనకాపల్లిలో కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర మనకందఱకును తెలిసినదే. మన ఊళ్ళలో గొల్లలు రొమ్మున రేకు తప్పెటలు కట్టుకొని ఆడు తప్పెటగుళ్ళు గంగమ్మ కొలుపులో పుట్టినవి. వానినిగూడ మనము వేదికకెక్కించి, పాటలోని కథ ఏమో అడుగుట మానితిమి. తన తాత తప్పెటను గూర్చి సిగ్గుపడనివాడే ప్రక్కబల్లమీది వాని కిరిడిని చూచి నవ్వకుండును. కావున తెలుగు తరగతిలో ప్రతి విద్యార్థియు తన ఇంటి పెద్దలయొద్ద ఒక పండుగను గూర్చి విని వ్రాసుకొనివచ్చుట మంచి అభ్యాసము. చెప్పకూడనిదని పెద్దలు చెప్పినదానిని వ్రాయకుండుటయు ఆ అభ్యాసములో భాగమే.

పెద్దలెవరైన వచ్చి బడిలో పాట నేర్పుటకు ఒప్పుకొనిన, వారిని అతిథులుగా గాక ఉపాధ్యాయులుగా పిలువవలెను. అనగా కుర్చీ వేయవలెను, దారి ఖర్చు ఈయవలెను, పోయిన కూలికి తగిన పారితోషిక మీయవలెను. శాలువ కప్పి ఫోటో తీసి పంపుట చాలదు. వారు రామనిన, అంతటితో సరి.

జూను మాసమున బడి తెఱచి సంవత్సరపు ప్రణాళిక వేసికొనునపుడు, చైత్రపు పండుగకు తేదీ లేని సెలవు నాలుగైదు దినములు విడిగా వ్రాసి ఉంచుట ప్రధానోపాధ్యాయుల వలన కాని పని గాదు. వార్షికపరీక్ష ఒకటి ఆ దినములలో పడినచో, పోయివచ్చినవారికి మఱల వ్రాయు వీలు కలిగింపవలెను. ప్రభుత్వపరీక్షల విషయములో మన చేత నేమియు లేదు గావున పదవ తరగతివారు ఆగవలసినదే. తక్కిన నాలుగేండ్లు ఆపనక్కఱలేదు. ఊరినుండి కబురు వచ్చిన సాయంకాలమే పిల్లవానిని పాడేరు బస్సు ఎక్కించుటకు వార్డెను గారి చేతిలో ఉత్తరువు ముందే ఉండవలెను. ఎవరి సంతకము కొఱకును వాడు ఆగియుండరాదు.